రాని తెప్ప

తెల్లవారుజామున రెండు మూడు గంటల వేళ ఒడ్డు వదిలిన తెప్పలు ఎండ ముదరకముందే తిరిగొస్తాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చిన్న పడవల పల్లెల్లో చాలాచోట్ల రోజు ఇలాగే నడుస్తుంది. గంపలు దగ్గర పెట్టుకొని ఇసుకలో కూర్చున్న ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు, చూపు మాత్రం నీటి మీదే ఉంటుంది. దూరాన నల్లటి చుక్క కనిపించగానే అది ఎవరి తెప్పో చెప్పేస్తారు. అంత దూరానికి రంగు తెలియదు, మొహాలు తెలియవు. కెరటం ఎక్కేటప్పుడు ముక్కు లేచే తీరు, మోటారు చప్పుడు, తెడ్డు పట్టినవాడి ఒంటి వంపు, ఇవే ఆనవాళ్లు. పది తెప్పలు వెళ్లిన పల్లెలో తొమ్మిది వచ్చాక ఎవరూ పైకి లెక్కపెట్టరు. అయినా పదోది రాలేదన్న సంగతి అందరికీ ఒక్కసారే తెలుస్తుంది. గల్లంతైనవారి కోసం సాగే వెతుకులాట మొదలయ్యేది ఇక్కడే. అది పత్రికలో వార్త అయ్యేసరికి, ఆకాశంలో హెలికాప్టరు కనిపించేసరికి, ఒడ్డున ఎవరో ఒకరు ‘ఇంకా రాలేదేం’ అనుకున్న క్షణం చాలా గంటల వెనక్కి పోయి ఉంటుంది. కడలిలో తప్పిపోయిన మనిషి ప్రాణం మొదట ఆధారపడేది అతని ఆలస్యాన్ని గుర్తుపట్టే ఆ కళ్ల మీద.

అయితే ఆలస్యం అంటే ఎంతసేపు? ఒడ్డున కూర్చున్నవాళ్లకు ఇంతకన్నా కష్టమైన ప్రశ్న లేదు. వల నిండా చేప పడితే రావడం ఆలస్యమవుతుంది. చేప పడకపోయినా ఆలస్యమే, ఇంకొక్కసారి వల వేసి చూద్దామన్న ఆశ మనిషిని అక్కడే నిలబెడుతుంది. గాలి తిరిగితే సొంత ఒడ్డుకు రాలేక పక్క పల్లెలో దిగి, తెప్పను అక్కడి ఇసుక మీదికి లాగి, ఆటో ఎక్కి ఇంటికి చేరేవారుంటారు. కాబట్టి గంట ఆలస్యానికి ఎవరూ కంగారుపడరు. రెండో గంటకు వంట చేసే చెయ్యి నెమ్మదిస్తుంది. మధ్యాహ్నం దాటితే ఆ ఇంటి వాకిట్లోకి ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు, ఊరికే వచ్చినట్టు. ముందే గోల చేస్తే అశుభం పలికినట్టవుతుందేమోనన్న బెరుకు ఒకపక్క, ఆగితే పొద్దు చేజారిపోతుందన్న భయం ఒకపక్క. ఈ రెంటి మధ్య నలిగిన గంటలే తర్వాత ఏళ్ల తరబడి వేధిస్తాయి. అప్పుడే బయలుదేరి ఉంటే? ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. దాన్ని మోస్తూ బతికేవాళ్లు మాత్రం తీరం పొడుగునా ఉన్నారు.

ఆంధ్ర తీరం పొడవు పాత లెక్కలో 974 కిలోమీటర్లు. మెలికలన్నీ కలుపుకొని ఇటీవల కొలిస్తే వెయ్యి దాటింది. జాలరులు, వాడబలిజలు, పల్లెకారులు, అగ్నికుల క్షత్రియులు, పట్టపువారు, ఇలా ఒక్కో జిల్లాలో ఒక్కో పేరున్న కులాలు ఈ ఇసుక అంచున బతుకుతున్నాయి. రేవుల నుంచి రోజుల తరబడి వేటకు పోయే మరబోట్లు వేరు, ఒడ్డు మీది నుంచే నీళ్లలోకి తోసుకుపోయే చిన్న పడవలు వేరు. పాతకాలపు తెప్ప అంటే దుంగలను తాళ్లతో కట్టిన కట్ట. దానికి గుల్ల లేదు, నీరు నిండే చోటు లేదు, అందుకే అది మునగదు. కెరటం తిప్పేసినా దుంగ పట్టుకుంటే ప్రాణం నిలిచేది. తర్వాత ఫైబర్ తెప్పలు వచ్చాయి, వెనక చిన్న మోటారు చేరింది. తెడ్డుతోనూ తెరచాపతోనూ పోలేనంత దూరం పోవడం సులువైంది. దూరం పోవడం సులువైనంతగా తిరిగి రావడం సులువైందా? మోటారు ఆగిపోతే చాప లేదు, చాప కట్టడం వచ్చినవాళ్లూ తగ్గారు. ఒకప్పుడు ఒడ్డు కనిపించేంత దూరంలో జరిగిన వేట ఇప్పుడు ఒడ్డు కనుమరుగయ్యే చోటికి జరిగింది, ఎందుకంటే దగ్గర నీళ్లలో చేప తగ్గింది.

ప్రమాదం వచ్చే దారులు కొన్నే, అవి అందరికీ తెలిసినవే. వల తెగి మోటారు రెక్కకు చుట్టుకుంటుంది. నూనెలో నీరు కలుస్తుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ప్రతి ఏడూ చోటు మారుతుంటాయి, పాటు దిగే వేళ ఎదురు కెరటం లేస్తే తెప్ప తిరగబడుతుంది. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం ఓడరేవులకు వచ్చే పెద్ద ఓడల దారికి అడ్డంగా రాత్రిపూట దీపం లేని చిన్న పడవ పడితే ఓడ మీదివాళ్లకు అది కనిపించనే కనిపించదు. హఠాత్తుగా లేచే ఈదురుగాలి అరగంటలో పడవలను చెల్లాచెదురు చేసి పోతుంది. ఇవన్నీ తెలిసీ వెళ్తారు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులు ఖాళీగా ఉన్న ఇళ్లలో అప్పు పెరిగి ఉంటుంది. నిషేధం తీరేనాటికి నైరుతి గాలులు మొదలై ఉంటాయి. గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తల్లి చల్లగా చూస్తుందన్న నమ్మకంతో తెప్పను నీళ్లలోకి తోస్తారు.

రాని తెప్ప కోసం మొదట కదిలేది ఫోను. పైపల్లెకు ఒకటి, కిందిపల్లెకు ఒకటి, అక్కడినుంచి మరో రెండు పల్లెలకు. తీరప్రాంతంలో పెళ్లి సంబంధాలు తీరం వెంబడే సాగుతాయి. అందుకే ప్రతి పల్లెలోనూ మేనమామో, బావమరిదో, వియ్యంకుడో ఉంటాడు. ఆ చుట్టరికాల దారిలోనే వార్త గంటలోపు వంద కిలోమీటర్లు పోతుంది. ఫలానా రంగు తెప్ప, నలుగురు మనుషులు, మీ ఒడ్డుకు ఏమైనా కొట్టుకొచ్చిందా? రాలేదన్న జవాబు నాలుగు చోట్ల నుంచి వచ్చాక పల్లెలో మిగతా తెప్పలు లేస్తాయి. ఆ రోజు వేట ఉండదు. ఎవరి నూనె ఎవరు పోశారో, ఎవరి పడవ ఎవరు నడిపారో అప్పుడు లెక్క రాయరు. పొద్దున గట్టు మీద వాటా దగ్గర గొడవపడ్డ ఇద్దరు మధ్యాహ్నం ఒకే తెప్పలో వెతకడానికి పోతారు. ఈ ధర్మం ఎవరూ నేర్పింది కాదు. ఇవాళ తప్పిపోయింది వాళ్లు, రేపు తామే కావచ్చునన్న ఎరుక అందులో ఉంది.

ఎక్కడ వెతకాలి అన్నదానికి వాళ్ల దగ్గర తరాలుగా పోగుపడిన తెలివిడి ఉంది. నీటి మీద నిలబడి చోటును గుర్తుపెట్టుకోవడానికి ఒడ్డు మీది రెండు ఆనవాళ్లను ఒక వరసలోకి తెస్తారు, ముందు చెట్టు, వెనక కొండ. ఇంకో దిక్కున మరో రెండింటిని అలాగే కలుపుతారు. ఆ రెండు గీతలు కలిసే చోటే వల వేసిన చోటు. విశాఖవారికి యారాడ కొండ, సింహాచలం కొండలు ఉన్నాయి. బారువ వైపు వారికి మహేంద్రగిరి ఉంది. గోదావరి, కృష్ణ డెల్టాల తీరం అలా కాదు, అంతా చదును. కొబ్బరితోపులు, సరుగుడు తోటలు, మడ అడవి, లైట్‌హౌస్ దీపం, ఇంతే ఆధారం. కొన్ని మైళ్లు దాటితే అవీ నీటి కిందికి దిగిపోయినట్టు మాయమవుతాయి. గుర్తులున్న చోట తప్పిపోయినవాణ్ని వెతకడం వేరు, గుర్తులే లేని చోట వెతకడం వేరు. చేతిలో జీపీఎస్ ఉన్నవాడికి తానెక్కడున్నదీ తెలుస్తుంది. బ్యాటరీ అయిపోయాక, ఫోను సిగ్నలు దాటిపోయాక, ఆ తెలిసిన సంగతిని ఒడ్డుకు చెప్పేదెలా?

తప్పిపోయిన పడవ తప్పిపోయిన చోటే ఉండదు, వెతకడంలోని అసలు చిక్కంతా అదే. మోటారు ఆగిన క్షణం నుంచి దాన్ని నీరు ఒకవైపు, గాలి ఒకవైపు లాగుతుంటాయి. మన తూర్పు తీరాన్ని అంటిపెట్టుకొని పారే ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఉత్తరంగా పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా దిగుతుంది. కాబట్టి ఉత్తరాంధ్రలో ఒకే పల్లె ముందు మోటారు చెడిన తెప్పను మార్చిలో ఒడిశా వైపు వెతకాలి, నవంబరులో గోదావరి వైపు వెతకాలి. 2022 జూలైలో మచిలీపట్నం నుంచి వేటకు వెళ్లిన నలుగురు ఇంజను చెడి రోజుల తరబడి ఆచూకీ లేకుండా పోయారు. వారికోసం ఆకాశంలోనూ నీటి మీదా గాలింపు సాగింది. చివరికి వాళ్లు ఈశాన్యంగా ఉన్న కోనసీమ ఒడ్డుకు ప్రాణాలతో చేరారు. నైరుతి గాలులు వీచే నెల అది. 2019 జూలైలోనే పశ్చిమ బెంగాల్ కాక్‌ద్వీప్ మత్స్యకారుడొకరు పడవ మునిగాక రోజుల తరబడి నీళ్లలో తేలుతూ చిట్టగాంగ్ దగ్గర బంగ్లాదేశ్ నౌక కంటపడి బతికారు. ఇలాంటివి విన్నప్పుడు అద్భుతం అనాలనిపిస్తుంది. ఆ మాట తప్పు కాదు గానీ, ఆ అద్భుతానికి ఒక దిక్కు, ఒక వేగం ఉన్నాయి. వాటిని లెక్కగట్టవచ్చు.

గంటకు అర నాటికల్ మైలు చొప్పున కొట్టుకుపోయే పడవ ఒక రోజులో 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు జరుగుతుంది. ఏ దిక్కుకో తెలియకపోతే దాన్ని వెతకాల్సిన వలయం సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు. రెండో రోజుకు ఆ దూరం రెండింతలే అవుతుంది, వలయం నాలుగింతలై 6,000 దాటుతుంది. మూడో రోజుకు తొమ్మిదింతలు. ఆలస్యం విలువను ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. చిన్న పడవలో నిలబడినవాడికి దిగంతం అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అందులోనూ కెరటాల మధ్య మనిషి తల కనిపించేది కొన్ని వందల మీటర్ల లోపే. బంగాళాఖాతం నీరు చల్లనిది కాదు, అందువల్ల ఉత్తర దేశాల సముద్రాల్లోలాగా చలికి గంటల్లో ప్రాణం పోదు. ఇక్కడ ప్రాణం తీసేది దాహం, ఎండ, అలసట. చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. మంచినీళ్ల డబ్బా తెప్పకు కట్టి ఉందా, తిరగబడినప్పుడు కొట్టుకుపోయిందా అన్నదే చాలాసార్లు బతుకును తేలుస్తుంది.

ఈ లెక్కను యంత్రం చేత చేయించే ఏర్పాటు తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్‌లో 1999లో మొదలైన ఇన్‌కాయిస్, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన కూర్చుని, చేపలు ఉండగల చోట్లను రోజూ మత్స్యకారులకు చెబుతుంది. 2016లో ఆ సంస్థ ‘సారట్’ అనే పనిముట్టును తెచ్చింది. చివరిసారి కనిపించిన చోటు, వేళ, తప్పిపోయినది పడవా మనిషా అన్నది చెబితే, గాలినీ ప్రవాహాన్నీ కలిపి లెక్కకట్టి ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో పటం మీద చూపుతుంది. తరాల అనుభవంతో ముసలి సరంగు చేసేదీ ఇదే పని. ఆయన గాలిని ఒంటితో కొలుస్తాడు, యంత్రం అంకెలతో కొలుస్తుంది. అయితే ఇద్దరూ ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: చివరిసారి ఎక్కడున్నారు? 1554కు ఫోను చేస్తే కోస్ట్ గార్డు అడిగేదీ అదే. 1977లో ఏర్పడిన ఆ దళమే మన జలాల్లో వెతుకులాటకూ రక్షణకూ బాధ్యత వహిస్తుంది. తూర్పు తీరంలో ఆ పనిని చెన్నై కేంద్రం సమన్వయం చేస్తుంది. విమానాలు, ఓడలు, హెలికాప్టర్లు ఉన్నాయి. ఆ దారిన పోయే వర్తక నౌకలకూ కబురు వెళ్తుంది. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం నౌక అధిపతికి అంతర్జాతీయ చట్టం పెట్టిన విధి. ఇంత బలగం ఉన్నా, ఎటు వెళ్లారన్న ప్రశ్నకు జవాబు రావాల్సింది ఆ వాకిట్లో కూర్చున్న ఇల్లాలి నోటి నుంచే.

ఆ ఇల్లాలికి తరచూ ఆ జవాబు తెలియదు. తెలుగు ఇళ్లలో బయటికి అడుగుపెట్టేవాణ్ని ‘ఎక్కడికి’ అని అడగకూడదు, అడిగితే పని చెడుతుందంటారు. రోజూ ప్రాణం పణంగా పెట్టి వెళ్లే ఇంట్లో ఆ నమ్మకం ఇంకా గట్టిది. వేటగాడికీ తన దిక్కు ముందుగా చెప్పే అలవాటు ఉండదు. చేప దొరికే చోటు గుట్టుగా ఉండాలి, పైగా నీటి రంగు చూశాకే ఎటు పోవాలో తేలుతుంది. ప్రేమతో అడగకుండా ఉన్న ప్రశ్న, ఆశతో చెప్పకుండా ఉన్న జవాబు, ఈ రెండూ కలిసి వెతుకులాటలో మొదటి ఖాళీ అవుతాయి. ఆ ఖాళీని పూరించడానికే పరికరాలు పుట్టాయి. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం 2010 నుంచి వాడుకలోకి వచ్చింది. దానిలో ఒక వెలితి ఉండేది. కబురు అందిందో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. నడిసంద్రంలో ఆ తెలియకపోవడమే మనిషిని కుంగదీస్తుంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో ఇస్రో ఆ లోటు తీర్చింది. కేంద్రం నుంచి తిరుగు సందేశం వస్తుంది, సాయం బయలుదేరిందని తెలుస్తుంది. అదే ఏడు ఆగస్టులో లక్ష పడవలకు, అవి ఉన్న చోటును తెలిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకమూ మొదలైంది. తడిసి, ఎగిరిపడి, రోజూ ఇసుక మీదికి ఈడ్చబడే చిన్న తెప్ప మీద ఏ పరికరమైనా బతకాలంటే దాన్ని ఆ తెప్ప కోసమే తయారుచేయాలి. మరబోటుకు సరిపోయింది తెప్పకు సరిపోదు.

ఒక తెప్ప రాకపోతే పల్లె వెతుకుతుంది. పల్లెకు పల్లే రాకపోతే వెతికేదెవరు? 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను నేలమట్టం చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి నీటి అంచు పల్లెలు ఘోరంగా దెబ్బతిన్నాయి. సముద్రంలో ఉన్న పడవలు ఎన్నో తిరిగి రాలేదు. 2017 నవంబరు చివర వచ్చిన ఓఖీ తుఫాను నాడు కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల్లో ఇలాగే జరిగింది. హెచ్చరిక అందేసరికి ఎందరో వేటలో ఉన్నారు. పూంతుర, విళింజం మత్స్యకారులు తుఫాను పూర్తిగా తగ్గకముందే సొంత పడవలతో వెతకడానికి దూకారు. ఎక్కడ వల వేస్తారో, అక్కడినుంచి నీరు ఎటు లాగుతుందో తమకే తెలుసునని పట్టుబట్టారు. తర్వాత నౌకాదళం, కోస్ట్ గార్డు ఓడలు వాళ్లను వెంట తీసుకెళ్లాయి. కొన్ని పడవలు మహారాష్ట్ర తీరం దాకా చేరి బతికాయి. బలగమూ స్థానిక జ్ఞానమూ ఒకే ఓడ ఎక్కాల్సినవని ఆ వెతుకులాట చూపింది. దానికి అంత నష్టం జరగాల్సి వచ్చిందే అన్న బాధ మిగిలింది.

దొరకనివారి సంగతి వేరు. ‘గల్లంతు’ అన్న మాట చావుకూ బతుకుకూ మధ్య ఆగిపోయిన మాట. చనిపోయినవాడికి ఏడవవచ్చు, పదకొండో రోజు చేయవచ్చు, గోడకు ఫొటో పెట్టి దండ వేయవచ్చు. గల్లంతైనవాడికి ఏం చేయాలి? దేహం దొరకనివారికి దర్భలతో ప్రతికృతి చేసి సంస్కారం జరిపే విధి ధర్మశాస్త్రాల్లో ఉంది. అయితే ఆ దర్భబొమ్మకు నిప్పు పెట్టడమంటే వెతకడం మానేశామని ఒప్పుకోవడమే. భార్య నుదుటి బొట్టు ఉంచుకోవాలా, తీయాలా? ఉంచుకుంటే ఊరు ఒకలా చూస్తుంది, తీస్తే తన చేతులతోనే భర్తను చంపినట్టు అనిపిస్తుంది. చట్టం వేరే గడువు పెట్టింది. ఏడేళ్లపాటు అయినవాళ్లకు కూడా కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. ప్రమాదంలో పోయిన మత్స్యకారుడికి కేంద్ర పథకం కింద 5 లక్షల బీమా ఉంది, కానీ చావును రుజువు చేసే కాగితం లేకపోతే అది కదలడం కష్టం. పిల్లల చదువు, పడవ మీది అప్పు ఏడేళ్లు ఆగుతాయా? ఓఖీ తర్వాత కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు ఈ గడువును పక్కనపెట్టి, తిరిగిరానివారి కుటుంబాలకూ 20 లక్షల చొప్పున ఇచ్చాయి. పెద్ద విపత్తుకు చూపిన ఆ దయ, ఒక్క తెప్ప పోయిన ఒంటరి ఇంటికీ అందాలి. ఆ ఇంటి దుఃఖం చిన్నది కాదు.

వెతకడం ఎప్పుడు ఆపాలి? విమానానికి ఇంధనం లెక్క, అధికారికి బతికే అవకాశాల లెక్క ఉంటాయి, కొన్ని రోజులకు గాలింపు ముగిసిందని ప్రకటన వస్తుంది. పల్లెలో అలాంటి ప్రకటన ఉండదు. నాలుగో రోజో అయిదో రోజో తెప్పలు మళ్లీ వేటకు పోతాయి, పొయ్యి వెలగాలి కనుక. వల వేస్తూనే కళ్లు చుట్టూ తిరుగుతాయి. తేలుతున్న థర్మాకోల్ ముక్క కనిపించినా మోటారు ఆపి దగ్గరికి వెళ్లి చూస్తారు. ఎక్కడో పక్క జిల్లా ఒడ్డున పడవ చెక్క దొరికిందంటే ఆరు నెలల తర్వాతైనా అక్కడికి మనిషి వెళ్తాడు.

ఈ వెతుకులాట తేలిక కావడానికి పెద్ద ఉపాయాలతోపాటు చిన్నవీ కావాలి. తెప్పకు మెరిసే రంగు, పైన కనిపించేలా రిజిస్ట్రేషన్ సంఖ్య, కట్టివేసిన నీళ్ల డబ్బా, ఒంటిమీద లైఫ్ జాకెట్, రాత్రికి దీపం, చెడిన మోటారుకు బదులు ఒక చిన్న చాప. ఒడ్డున ఒక పుస్తకం, అందులో ఎవరు ఎన్ని గంటలకు వెళ్లారో, ఎంత నూనె పోసుకున్నారో, ఎప్పటికి రావాలో రాసిపెట్టే ఒక మనిషి. ఎక్కడికి అని ఇల్లాలు అడగనక్కర్లేదు, ఆ నమ్మకాన్ని చెరపనూ అక్కర్లేదు. తెప్పను నీళ్లలోకి తోసే ముందు వెళ్లేవాడే తానుగా చెబితే చాలు: ఇవాళ లైట్‌హౌస్‌కు తూర్పుగా పోతున్నాం, పది గంటలకల్లా వస్తాం. పదకొండు దాటితే ఫోను ఎవరికి చేయాలో, తెప్పలు ఎటు లేవాలో అప్పుడు ఒడ్డుకు తెలుస్తుంది.